ఆకలిని గెలిచాననుకున్న కవి

లండన్‌లో సెయింట్ జేమ్స్ వీధి, మూడో నంబరు. మూడొందల ఏళ్లు దాటిన దుకాణం అది. ఇప్పుడు వైన్‌కి పేరు. ఒకప్పుడు కాఫీ కూడా అమ్మేవారు. కాఫీ బస్తాలు తూచడానికి అక్కడో పెద్ద త్రాసు ఉండేది. ఇళ్లలో బరువు చూసుకునే మెషిన్లు లేని రోజులు కదా, ఊళ్లోని పెద్దమనుషులు సరదాకి వచ్చి ఆ త్రాసులో కూర్చుని తూగేవారు. కొట్టువాళ్లు ఆ అంకెల్ని లెడ్జర్లలో రాసి దాచారు. వాటిలో 1806వ సంవత్సరం పద్దుల్లో ఒక కాలేజీ కుర్రాడి పేరుంది. బరువు దాదాపు 88 కిలోలు. ఐదేళ్ల తర్వాత, 1811 నాటికి అదే పేరు పక్కన ఉన్న అంకె పాతిక కిలోలకు పైగా తగ్గిపోయింది.

ఆ కుర్రాడి పేరు జార్జ్ గోర్డన్ బైరన్. డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ తీసుకున్నవాళ్లకి లార్డ్ బైరన్‌గా తెలుసు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఇంకోలా పరిచయం చేయొచ్చు. ప్రపంచపు తొలి కంప్యూటర్ ప్రోగ్రామర్ ఎవరని ప్రశ్న వస్తే ఏడా లవ్‌లేస్ అని టిక్ పెడతాం కదా, ఆమె కన్నతండ్రి ఇతనే.

ఐదేళ్లలో అంత బరువు తగ్గాడంటే, అబ్బ ఏం పట్టుదల అనిపిస్తుంది. ఈరోజుల్లో అయితే 'ముందు, తర్వాత' అని రెండు ఫొటోలు పెట్టి వేల లైకులు కొట్టేసేవాడు. కానీ ఆ రెండు అంకెల మధ్యా, వాటి తర్వాతా ఏం జరిగిందో చూస్తే అది గెలుపు కథలా కనిపించదు. అన్నంతో ఒక మనిషి జీవితాంతం చేసిన యుద్ధంలా కనిపిస్తుంది. ఆ యుద్ధం ఇప్పుడు మన హాస్టల్ గదుల్లోనూ చప్పుడు చేయకుండా నడుస్తోంది. అందుకే రెండొందల ఏళ్ల కిందటి ఈ మనిషి గురించి ఉద్యోగాల పేజీలో చెప్పుకోవాల్సి వస్తోంది.

పదేళ్లకే ప్రభువు

బైరన్ 1788 జనవరి 22న లండన్‌లో పుట్టాడు. కుడి పాదం పుట్టుకతోనే వంకర. తండ్రి జాన్ బైరన్ సైన్యంలో పనిచేసిన మనిషి, పేరుమోసిన దుబారా. భార్య క్యాథరిన్ తెచ్చిన ఆస్తినంతా కరిగించేసి, అప్పులవాళ్లకి దొరక్కుండా ఫ్రాన్స్ వెళ్లి, కొడుక్కి మూడేళ్లప్పుడు అక్కడే పోయాడు. తల్లి పిల్లాణ్ని తీసుకుని స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో చాలీచాలని డబ్బుతో కాపురం నెట్టుకొచ్చింది.

పదేళ్లప్పుడు దశ తిరిగింది. వారసులు వరసగా పోవడంతో 1798లో తాత తరం బంధువు బిరుదు ఈ పిల్లాడికి దక్కింది. ఆరో బారన్ బైరన్ అయ్యాడు. నాటింగ్‌హామ్‌షైర్‌లో న్యూస్టెడ్ ఆబీ అనే పాడుబడ్డ భవంతి చేతికొచ్చింది. 1801లో హారో స్కూల్లో చేర్చారు. పేరు గొప్పది, ఇల్లు కూలిపోయేది, నడక కుంటిది. దానికి తోడు ఒళ్లు. తల్లి బాగా లావు మనిషి. కోపిష్ఠి కూడా. ఇద్దరికీ పడేది కాదు. తనకీ ఆమె ఒళ్లే వస్తోందన్న భయం బైరన్‌కి చిన్నప్పుడే పట్టుకుంది. ఒళ్లు పెరిగితే బుద్ధి మొద్దుబారుతుందని కూడా అతడు గట్టిగా నమ్మాడు. వంకర కాలు మీద ఎక్కువ బరువు పడితే నొప్పి. అంటే లావు అనేది అతని లెక్కలో ఒంటికీ, బుర్రకీ, పరువుకీ మూడింటికీ శత్రువు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. తిండి సమస్యలు చాలావరకు తిండి దగ్గర మొదలవవు. నలుగురిలో నడిస్తే చూస్తారేమో, నవ్వుతారేమో అన్న చోట మొదలవుతాయి. ఎదుటివాళ్ల చూపుని మార్చలేం. కాలి వంకర పోదు. ఇంటి పేదరికం మన చేతిలో లేదు. కంచం మాత్రం మన చేతిలోనే ఉందనిపిస్తుంది. అందుకని యుద్ధం అక్కడ ప్రకటిస్తాం.

కేంబ్రిడ్జ్‌లో మొదలైన యుద్ధం

1805లో కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో చేరాడు. కుక్కల్ని పెంచుకోకూడదని కాలేజీ రూలు పెడితే, ఎలుగుబంటి గురించి రూల్లో లేదుగా అని ఒక ఎలుగుబంటిని తెచ్చి పెంచిన ఘనుడు. ఫ్రెండ్స్, విందులు, అప్పులు అన్నీ ఉన్నాయి. వీటి మధ్యనే డైటింగ్ మొదలుపెట్టాడు.

డైటింగ్ అంటే కాస్త తగ్గించి తినడం కాదు. రోజుకి ఒక్కపూటే భోజనం. ఒంటి మీద ఏడెనిమిది కోట్లు వేసుకుని, చెమటలు కారేదాకా క్రికెట్ ఆడటం. ఆపైన వేడినీళ్ల స్నానాలు. కొన్ని నెలల్లోనే మనిషి ఎంత మారిపోయాడంటే, పాత స్నేహితులు ఎదురుపడి గుర్తుపట్టలేదని ఉత్తరాల్లో గర్వంగా రాసుకున్నాడు. ఆ పొగడ్త రుచి ఒకసారి తగిలాక వదల్లేదు.

అదే సమయంలో కెరీర్ కూడా మొదలైంది. మొదలవడమే దెబ్బతో మొదలైంది. 1807లో అచ్చేసిన తొలి కవితల పుస్తకాన్ని ఎడిన్‌బరో రివ్యూ పత్రిక 1808లో చీల్చి చెండాడింది. అతని వయసు ఇరవై. కుంగిపోయాడు, కానీ కలం పట్టుకున్నాడు. 1809లో ఆ విమర్శకుల మీద వ్యంగ్య కావ్యం వదిలి బాకీ తీర్చుకున్నాడు. తర్వాత రెండేళ్లు పోర్చుగల్, స్పెయిన్, అల్బేనియా, గ్రీస్, టర్కీ తిరిగాడు. 1810 మే 3న యూరప్‌నీ ఆసియానీ వేరుచేసే డార్డనెల్స్ జలసంధిని ఈది దాటాడు. కుంటివాడు అన్నవాళ్లకి నీళ్లలో జవాబు చెప్పాడన్నమాట.

1812 ఫిబ్రవరి 27న ప్రభువుల సభలో తొలి ప్రసంగం చేశాడు. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు ఈ ముక్క తెలుసుకోవాలి. నాటింగ్‌హామ్ ప్రాంతంలో కొత్త మగ్గాల వల్ల పని పోయిందని నేత కార్మికులు యంత్రాలు పగలగొడుతున్నారు. వాళ్లకి ఉరిశిక్ష వేసే బిల్లు సభకు వచ్చింది. బిరుదున్న ప్రభువుల మధ్య నిలబడి ఆ కార్మికుల ఆకలి గురించి మాట్లాడాడు బైరన్. ఆ తర్వాత రెండు వారాలకే, మార్చి 10న ఛైల్డ్ హెరాల్డ్ కావ్యం మొదటి భాగాలు వచ్చాయి. 500 కాపీలు మూడు రోజుల్లో అయిపోయాయి. 24 ఏళ్లకే లండన్‌లో అతని పేరు తెలియని గుమ్మం లేదు. 1814లో ది కోర్సేర్ విడుదలైన రోజే 10,000 కాపీలు పోయాయి. ఇవాళ్టి సినిమా భాషలో చెప్పాలంటే ఓపెనింగ్ డే రికార్డు.

పాలిపోయిన ముఖం, సన్నటి ఒళ్లు, విచారం నిండిన కళ్లు. జనానికి అతని కవిత్వం ఎంత నచ్చిందో ఆ రూపమూ అంతే నచ్చింది. ఆ రూపం వెనక ఏముందో చూసినవాళ్లు తక్కువ.

విందులో ఒకటి, క్లబ్బులో ఒకటి

1811 నవంబరులో శామ్యూల్ రోజర్స్ అనే పెద్ద కవి ఇంట్లో విందు. థామస్ మూర్, థామస్ క్యాంప్‌బెల్ కూడా వచ్చారు. బైరన్‌ని రోజర్స్ చూడటం అదే మొదలు. సూప్ తెమ్మంటారా అంటే వద్దన్నాడు. చేప వద్దు. మాంసం వద్దు. వైన్ వద్దు. మరి ఏం తింటావయ్యా అంటే బిస్కెట్లు, సోడా నీళ్లు చాలన్నాడు. పాపం ఆ ఇంట్లో అవి రెండూ లేవు. చివరికి ఉడికించిన బంగాళాదుంపలు ప్లేట్లో మెత్తగా చిదిపి, వెనిగర్‌లో ముంచి తిన్నాడు. అందరూ నోళ్లు వెళ్లబెట్టారు.

తర్వాత రోజర్స్‌కి ఒక సంగతి తెలిసింది. విందు అయ్యాక బైరన్ నేరుగా సెయింట్ జేమ్స్ వీధిలోని ఒక క్లబ్బుకి వెళ్లి, కడుపునిండా మాంసం భోజనం చేశాడట.

సాహిత్య చరిత్రలో దీన్నొక జోకులా చెప్పుకుంటారు. కానీ తిండి సమస్యల గురించి తెలిసిన డాక్టరు ఇందులో నవ్వుకునేది ఏమీ లేదంటారు. అందరి ముందూ అన్నం ముట్టకపోవడం, ఎవరూ లేనప్పుడు ఆగలేకుండా తినడం చాలామంది పేషెంట్లు చెప్పే మాటే. పగలు పెళ్లిలో రెండు ముద్దలు తిని లేచిపోయి, అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు చప్పుడవకుండా తెరిచే మనిషి మన ఇళ్లలోనూ ఉండొచ్చు.

జెనీవా నుంచి వెనిస్ దాకా

1815 జనవరిలో అనబెల్లా మిల్‌బాంక్‌ని పెళ్లాడాడు. డిసెంబరు 10న ఏడా పుట్టింది. నెల తిరిగేసరికి భార్య పాపని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. తప్పు బైరన్‌దే ఎక్కువని అతన్ని మెచ్చేవాళ్లూ ఒప్పుకుంటారు. ఇంట్లో అతని ప్రవర్తన భయంకరంగా ఉండేది. అప్పులు, పుకార్లు, అపకీర్తి. 1816 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ వదిలాడు. మళ్లీ ప్రాణాలతో తిరిగి రాలేదు. కూతుర్ని మళ్లీ చూడనూ లేదు.

ఆ వేసవి జెనీవా సరస్సు ఒడ్డున విల్లా డయొడాటీలో గడిచింది. మేరీ షెల్లీ బుర్రలో ఫ్రాంకెన్‌స్టైన్ కథ పుట్టింది అక్కడే. అప్పట్లో బైరన్ దినచర్య ఇది: పొద్దున ఒక పల్చటి బ్రెడ్ ముక్క, టీ. మధ్యాహ్నం కొన్ని కూరగాయలు, కాస్త వైన్ కలిపిన సోడా నీళ్లు. సాయంత్రం పాలూ పంచదారా లేని గ్రీన్ టీ. మధ్యలో ఆకలేస్తే పొగాకు నమలడం, చుట్టలు కాల్చడం. ఆకలిని చంపడానికి టీ, సిగరెట్ మీద బతికే ప్రిపరేషన్ రూముల సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్తేం కాదు.

రెండేళ్లకి, 1818లో, లండన్ నుంచి లాయరు కొడుకు కాగితాల మీద సంతకాల కోసం వెనిస్ వచ్చాడు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి బిత్తరపోయాడు. ముఖం ఉబ్బి, ఒళ్లు పెరిగి, వేళ్ల కణుపులు కనిపించనంతగా చేతులు లావెక్కి ఉన్నాయి. వయసు 30, చూస్తే 40 లాగా ఉన్నాడు. మళ్లీ కొన్నాళ్లకి కడుపు మాడ్చుకోవడం మొదలు. 1823లో జెనోవాలో లేడీ బ్లెసింగ్టన్ చూసేసరికి చిక్కి శల్యమై, పాత బట్టలు వేలాడుతున్నాయి.

ఇటలీలో దగ్గరగా చూసిన ట్రెలానీ అనే మిత్రుడు మరో సంగతి రాశాడు. కాస్త పెంచి రాసే మనిషే అయినా ఈ విషయంలో మిగతావాళ్ల మాటా ఇలాంటిదే. రోజులకు రోజులు బిస్కెట్లు, సోడాతో గడిపి, ఇక తట్టుకోలేక చల్లారిన బంగాళాదుంపలు, అన్నం, చేపలు, ఆకుకూరలు ఏవి దొరికితే అవి ఒకే గిన్నెలో కలిపి, వెనిగర్ పోసి, గబగబా మింగేసేవాడట. రుచి కోసం కాదు. తినడం ఆపడం చేతకాక. ఆ తర్వాత విరేచనాల మందులు. ఉపవాసం, ఉప్పెనలా తినడం, పశ్చాత్తాపం, మళ్లీ ఉపవాసం... ఏళ్ల తరబడి ఇదే చక్రం తిరిగింది.

ఇది సంకల్పబలం లోపమా?

బైరన్‌కి సంకల్పబలం లేదని ఎవరూ అనలేరు. జలసంధిని ఈదాడు. మంచంపట్టే జబ్బుల మధ్యనా, ఇల్లు కూలినా పుస్తకం తర్వాత పుస్తకం రాశాడు. డాన్ జువాన్ లాంటి పెద్ద కావ్యాన్ని వెనిస్‌లో అలాంటి రోజుల్లోనే మొదలుపెట్టాడు. మరి కంచం ముందు ఎందుకు ఓడిపోయాడు?

దీనికి జవాబు అతను పోయిన 120 ఏళ్లకి అమెరికాలో దొరికింది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944 నవంబరులో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టారు. యుద్ధంలో తుపాకీ పట్టం అన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు ముందుకొచ్చారు. వాళ్లకి 24 వారాలు దాదాపు సగం తిండి పెట్టారు. బరువులో నాలుగో వంతు తగ్గారు. ఒళ్లు తగ్గడం అనుకున్నదే. అనుకోనిది మనసులో జరిగింది. పొద్దస్తమానం తిండి ఆలోచనలే. వంటల పుస్తకాలు చదవడం, భోజనం ఫొటోలు చూసుకోవడం. చిరాకు, దిగులు. ఏకాగ్రత పోయింది. ప్రయోగం అయ్యాక తిండి ఇస్తే కొందరు కడుపు నిండినా ఆపలేకపోయారు. వేలకు వేల కేలరీలు తిన్నా ఇంకా ఆకలే అన్నారు. ఆ కుర్రాళ్లెవరికీ అంతకుముందు తిండి సమస్య లేదు. వాళ్లది సోమరితనమూ కాదు, జిహ్వచాపల్యమూ కాదు.

అంటే విషయం ఏమిటంటే, ఒంటికి కరువొచ్చిందనిపిస్తే మెదడు అన్ని పనులూ పక్కనపెట్టి తిండినే వెతుకుతుంది. ఎంత గట్టిగా బిగిస్తే అంత గట్టిగా తెగుతుంది. బైరన్ తన ఉపవాసాన్ని మందు అనుకున్నాడు, అతిగా తినడాన్ని జబ్బు అనుకున్నాడు. నిజానికి రెండూ ఒకే జబ్బుకి రెండు చివరలు.

పేరు పెట్టడానికి పట్టిన కాలం

అదుపు తప్పి తినడాన్ని ఒక ప్రత్యేకమైన తీరుగా 1959లో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు వర్ణించారు. అతిగా తిన్నాక వాంతి చేసుకోవడం, విరేచనాల మందులు వాడటం లాంటివి చేసే తీరుని 1979లో లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ బులీమియా నెర్వోసా అన్నారు. అలాంటి పనులేవీ చేయకుండా అదుపు తప్పి తినడం మాత్రమే ఉంటే దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం దీన్ని 2013లో గానీ ఒక పూర్తిస్థాయి జబ్బుగా తన పుస్తకంలో చేర్చలేదు.

బైరన్‌ది ఇందులో ఏది? అతన్ని ఏ సైకియాట్రిస్టూ పరీక్షించలేదు, అసలు అప్పటికి ఆ వైద్యమే లేదు. ఉపవాసాలు, విరేచనాల మందులు ఉన్నాయి కాబట్టి ఇవాళ్టి లెక్కలో అతని తీరు బులీమియాకి దగ్గర అని చెప్పొచ్చు. చనిపోయినవాళ్లకి జబ్బు రాసివ్వడం సరికాదు, పోలిక మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. అదుపు తప్పి తినడం, దాచుకోవడం, సిగ్గుపడటం మూడింట్లోనూ కనిపించేవే.

పండగనాడు నాలుగు బూరెలు ఎక్కువ తినడం, ఫ్రెండ్ బర్త్‌డేకి బిర్యానీ రెండుసార్లు వడ్డించుకోవడం జబ్బు కాదు. డాక్టర్లు చూసేది ఇవి:

* రెండు గంటల్లోపు లాంటి కొద్ది సమయంలో, అదే పరిస్థితుల్లో చాలామంది తినేదానికంటే బాగా ఎక్కువ తినడం. ఆ సమయంలో ఆపడం నా చేతిలో లేదు అనిపించడం. ఈ రెండూ కలిసి ఉండాలి.
* మామూలు కంటే గబగబా తినడం. కడుపు నొప్పెట్టేదాకా తినడం. ఆకలి లేకున్నా తినడం. ఎవరైనా చూస్తారని ఒంటరిగా తినడం. తిన్నాక తన మీద తనకే అసహ్యం, దిగులు, తప్పు చేశానన్న భావన. వీటిలో కనీసం మూడు.
* దీని గురించి మనసులో గట్టి బాధ.
* సగటున వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు ఇలా జరగడం.

ఇందులో బరువు ప్రస్తావన ఎక్కడా లేదని గమనించండి. లావుగా ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ జబ్బు ఉండదు. ఈ జబ్బు ఉన్న ప్రతి ఒక్కరూ లావుగా ఉండరు. అమ్మాయిలకే వస్తుందన్నదీ అపోహే. అబ్బాయిల్లోనూ వస్తుంది, కాకపోతే వాళ్లు చెప్పుకోవడం తక్కువ. ప్రతిసారీ ఉపవాసమే కారణం కాకపోవచ్చు. కుటుంబంలో ఉండటం, డిప్రెషన్, ఆందోళన, చిన్నప్పుడు పడ్డ ఎగతాళి కూడా తోడవుతాయి.

మన గదుల్లో

ఒక మామూలు రోజు తీసుకోండి. పొద్దున ఆరింటికి లేచి రివిజన్, టిఫిన్ ఎగ్గొట్టడం. టైమ్ కలిసొస్తుంది, డబ్బూ మిగులుతుంది, ఒళ్లూ తగ్గుతుంది. పోలీసు ఉద్యోగం ఫిజికల్ ఈవెంట్స్ దగ్గరపడుతున్నాయంటే రాత్రి అన్నం కూడా మానేసేవాళ్లున్నారు. మధ్యాహ్నం మెస్‌లో నాలుగు ముద్దలు. సాయంత్రం టీలు. రాత్రి పదకొండింటికి మాక్ టెస్ట్ మార్కులు చూస్తే గుండె జారిపోతుంది. ఇంటి నుంచి ఫోన్: నోటిఫికేషన్ ఎప్పుడు, రిజల్ట్ ఎప్పుడు. ఫోన్ పెట్టాక ఫుడ్ యాప్ తెరుచుకుంటుంది. ఒకటి కాదు, రెండు ప్యాకెట్లు. రూమ్మేట్ నిద్రపోయాక తినడం, కవర్లు పొద్దున్నే బయట పారేయడం. మర్నాడు శిక్షగా మళ్లీ టిఫిన్ బంద్.

ఎప్పుడో ఒకసారైతే ఫర్వాలేదు. అదే వారం వారం నడుస్తుంటే బైరన్ తిరిగిన చక్రంలోకి మీరూ ఎక్కారేమో చూసుకోవాలి. దీని ఖర్చు ఒంటి మీదే పడదు. మిన్నెసోటా కుర్రాళ్లకి ఏకాగ్రత కూడా పోయింది. పరీక్షకి చదివేవాళ్లకి అంతకన్నా పెద్ద నష్టం ఏముంటుంది?

చివరి కొలతలు

1823లో టర్కీ పాలన మీద గ్రీకులు చేస్తున్న స్వాతంత్ర్య పోరాటంలో చేరడానికి బైరన్ ఓడెక్కాడు. సొంత డబ్బు పెట్టాడు. 1824 జనవరిలో మిసొలొంగీ అనే చిత్తడి ఊరు చేరాడు. సైనికుల జీతాలు, ముఠాల తగాదాలు, వాన, బురద. అంత ఒత్తిడిలోనూ రోజూ పొద్దున్నే నడుము, మణికట్టు చుట్టుకొలత చూసుకునేవాడని అక్కడి డాక్టరు రాసిపెట్టాడు. కొలత కాస్త పెరిగినట్టు కనిపిస్తే గట్టి మోతాదులో విరేచనాల మందు. ఫిబ్రవరిలో మూర్ఛలాంటిది వచ్చి పడిపోయాడు. ఏప్రిల్ 9న గుర్రం మీద వెళ్తుంటే వానలో తడిశాడు. జ్వరం పట్టుకుంది. ఆనాటి వైద్యం ప్రకారం డాక్టర్లు జలగలు పెట్టి, నరాలు కోసి మళ్లీ మళ్లీ రక్తం తీశారు. 1824 ఏప్రిల్ 19న 36 ఏళ్లకే చనిపోయాడు. చంపింది జ్వరమూ, ఆ వైద్యమూ. కానీ అవి వచ్చి పడింది అప్పటికే సంవత్సరాల తరబడి మాడి, అలిసిపోయిన ఒంటి మీద.

గ్రీస్ ఇప్పటికీ అతన్ని జాతీయ వీరుడిగా తలుచుకుంటుంది. ఇంగ్లండ్‌లో హక్నల్ ఊరి చర్చిలో సమాధి ఉంది. తండ్రిని ఎరగని ఏడా 1843లో ఛార్లెస్ బాబేజ్ యంత్రం మీద రాసిన నోట్స్‌తో చరిత్రకెక్కింది. ఆమె కూడా 36 ఏళ్లకే, క్యాన్సర్‌తో పోయింది. కోరిక ప్రకారం తండ్రి పక్కనే పడుకోబెట్టారు.

బైరన్ పోయిన కొన్ని దశాబ్దాల తర్వాత కూడా, అతనిలా సన్నగా ఉండాలని అర్ధాకలితో పెరుగుతున్న అమ్మాయిల గురించి ఒక అమెరికన్ డాక్టరు బాధగా రాశాడు. ఒక సెలబ్రిటీ నడుము చూసి ఊళ్లకు ఊళ్లు పస్తుండటం ఇన్‌స్టాగ్రామ్‌తో మొదలవలేదన్నమాట.

బైరన్‌కి లేనిది, మనకున్నది

అతని కాలంలో ఈ బాధకి పేరు లేదు, మందు లేదు, చెప్పుకోవడానికి మనిషి లేడు. చూసినవాళ్లు వింత అనో, గొప్ప అనో అన్నారు. ఇప్పుడు అలా కాదు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మాటల వైద్యం ఈ జబ్బులకి బాగా పనిచేస్తుందని రుజువైంది. అవసరమైతే డాక్టర్లు మందులూ ఇస్తారు. ఆ థెరపీలో మొదటి అడుగు వింటే ఆశ్చర్యమేస్తుంది. తిండి మానమనరు. వేళకి తినమంటారు.

1. మూడు పూటలా భోజనం, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి. మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండొద్దు. రెండు ఇడ్లీ, ఒక అరటిపండు, గుప్పెడు వేరుశనగ గుళ్లు అయినా సరే.

2. రాత్రి అదుపు తప్పి తిన్నా మర్నాటి టిఫిన్ ఎగ్గొట్టొద్దు. చక్రం తెగేది అక్కడే.

3. ఏం తిన్నారు, ఎప్పుడు, అప్పుడు మనసు ఎలా ఉంది అన్నది చిన్న నోట్‌బుక్‌లో రాయండి. కేలరీలు లెక్కపెట్టొద్దు. మార్కులు తగ్గిన రోజా, ఇంటి నుంచి ఫోన్ వచ్చిన రోజా, పొద్దుటి నుంచి ఏమీ తినని రోజా... కారణం వారం రోజుల్లో మీకే కనపడుతుంది.

4. ఈ తిండి మంచిది, ఆ తిండి పాపం అన్న రూళ్లు పెట్టుకోవద్దు. రూలు ఎంత కఠినంగా ఉంటే, ఒక్క మిక్చర్ ప్యాకెట్‌తో అది విరిగినప్పుడు, పోయిందిగా ఇంకేముంది అని అంత ఎక్కువ తింటారు.

5. విరేచనాల మందులు, బలవంతపు వాంతులు ప్రమాదం. ఒంట్లో పొటాషియం లాంటి లవణాలు పడిపోయి గుండె లయ తప్పొచ్చు. ఇవి చేస్తుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవండి.

6. ఒక్కరికి చెప్పండి. అక్కకో, రూమ్మేట్‌కో, మీకు నమ్మకమున్న లెక్చరర్‌కో. ఈ జబ్బు దాచినకొద్దీ పెరుగుతుంది.

ఫ్రెండ్ మీతో చెప్పుకుంటే బరువు గురించి మాట్లాడొద్దు, నోరు కట్టేసుకో అనొద్దు. పక్కన కూర్చుని ఒక పూట కలిసి తినండి. డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి.

డబ్బు లేదని ఆగొద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలో చూపించుకోవచ్చు. వెళ్లడానికి పిచ్చి ఉండాల్సిన పనిలేదు. జ్వరమొస్తే వెళ్తాం చూడండి, అలాగే.

సెయింట్ జేమ్స్ వీధి లెడ్జర్లలో బైరన్ బరువుంది. అతను ఎంత ఆకలితో ఉన్నాడో, తిన్న రాత్రుల్లో ఎంత సిగ్గుపడ్డాడో అందులో లేదు. త్రాసు ముల్లుకి అది తెలియదు కూడా. ఆ సంగతి పక్కవాళ్లకి తెలియాలంటే మనిషే నోరు తెరిచి చెప్పాలి. ఈ రాత్రికి చదువు పక్కనపెట్టి, ముందు వేళకి అన్నం తినండి. పుస్తకం ఎక్కడికీ పోదు.